తలుపు దగ్గర అగ్నిపర్వతం

మా కాలేజీ ఆఫీసు తలుపు దగ్గర ఒక అగ్నిపర్వతం ఉంది. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. దీనికి నలభై రెండు లిఖితపూర్వక సాక్ష్యాలు, ఒక తనిఖీ నివేదిక, గుండ్రటి ముద్ర వేసిన ఒక ఉత్తర్వు ఉన్నాయి. అది అక్కడికి ఎలా వచ్చిందో చెప్పే అర్హత కూడా నాకుంది. మొదటి నుంచి చివరిదాకా ప్రత్యక్షంగా చూసినవాణ్ణి.

నా పేరు వీరభద్రం. గోదావరి గట్టున ఉన్న ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో సూపరింటెండెంటుని. పోయినేడాది జూలైలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఎవరో పెద్దాయన ఎక్కడో రెండు రోజుల సదస్సుకు వెళ్లి, భోజనం బాగుండటం వల్లనో ఏమో, రెండో రోజు కూడా కూర్చుని విన్నారట. దాని ఫలితం ఇది.

"విషయము: ప్రత్యక్ష బోధనా విధానము, అమలు గురించి. పై విషయమునకు సంబంధించి తెలియజేయునదేమనగా, ఇకమీదట ఏ అధ్యాపకుడును తాను స్వయముగా చూడని దానిని విద్యార్థులకు చెప్పరాదు. చూచుట అనగా, చేయి చాచిన అందు దూరమున నిలబడి చూచుట. ఫొటోలు, పటములు, పుస్తకములు చూచుటగా పరిగణింపబడవు. ప్రతి కళాశాలయందు చూచిన వస్తువుల రిజిస్టరు నిర్వహింపవలెను."

రిజిస్టరు నా నెత్తిన పడింది. మూడు గళ్లు గీశాను. అధ్యాపకుని పేరు, పాఠంలోని వస్తువు, చూశారా లేదా.

ఎకనామిక్స్ మాస్టారికి ఏ ఇబ్బందీ రాలేదు. ఆయన పాఠం పేదరికం, ఆయన ఇల్లు రైల్వే గేటు అవతల. జువాలజీలో డైనోసార్లు పోయాయి. హిస్టరీ మాస్టారు యుద్ధాలన్నీ వదిలేసి, తాను సర్వీసులో చేరిన 1994 నుంచి మొదలుపెట్టారు. అందులో ఎక్కువ భాగం ఆయన బదిలీల చరిత్రే. తెలుగు మాస్టారు నరకవర్ణన మానుకోవలసి వచ్చింది గానీ, మే నెలలో స్పాట్ వాల్యుయేషన్ క్యాంపులో పనిచేసినట్టు ధ్రువపత్రం జతపరిస్తే డైరెక్టరేట్ సడలింపు ఇచ్చింది. ఫిజిక్స్ మాస్టారు ఎలక్ట్రాను పేరు చూసి సెలవు పెట్టారు. ఇంకా రాలేదు.

జియాలజీ చెప్పేది గనిశెట్టి భ్రమరాంబ గారు. ముప్పై మూడేళ్ల సర్వీసు. మార్చి ముప్పై ఒకటిన రిటైర్మెంటు. ఆవిడ సిలబస్‌లో ఐదో పాఠం అగ్నిపర్వతాలు. రిజిస్టరులో ఆవిడ పేరు ఎదురుగా "చూడలేదు" అని రాస్తుంటే నాకే చెయ్యి ఆగింది. అందరూ ఉత్తర్వు చూసి తల పట్టుకుంటే, ఆవిడొక్కరే మొహం వెలిగిపోతూ ఆఫీసులోకి వచ్చారు.

"వీరభద్రం గారూ, నిజంగానే చూసి రమ్మంటున్నారాండీ?"

"చూడకుండా చెప్పొద్దంటున్నారండీ."

"రెండూ ఒకటేగా! ముప్పై మూడేళ్ల నుంచి చూడని నిప్పు గురించి చెబుతున్నానండీ. ఒక్కసారి చూసి చెప్పాలని ఎంత ఉందో. ఈ ప్రభుత్వానికి ఇంత మంచి బుద్ధి పుడుతుందని అనుకోలేదు."

సంచిలోంచి ఒక నోటుబుక్కు తీశారు. అట్ట నలిగిపోయి ఉంది. సముద్రాల అవతల ఒక ద్వీపంలో అగ్నిపర్వతాల కోసమే ప్రత్యేకంగా ఒక జాతీయ వనం ఉందట. దాన్ని చూడటానికి ఆవిడ పెళ్లికి ముందే ప్రణాళిక వేసుకున్నారు. ఏ ద్వారంలోంచి వెళ్లాలి, ఏ దారిన నడవాలి, గంధకం వాసన తగిలితే ఎటు తిరగాలి, ఎలాంటి చెప్పులు వేసుకోవాలి, నీళ్లు ఎన్ని సీసాలు, ఎక్కడ నిలబడితే చీకటి పడేవేళ ఆ ఎరుపు కనిపిస్తుంది, అన్నీ రాసి ఉన్నాయి. ఆ ద్వీపం పేరు నేనిక్కడ రాయను. నేను చూడలేదు.

ప్రిన్సిపాల్ తటవర్తి సోమసుందరం గారు వృక్షశాస్త్రం మనిషి. తన పాఠాలన్నీ కాంపౌండులోనే మొలుస్తాయి కాబట్టి ఉదారంగా ఉండగలిగారు. ఆవిడ పెట్టిన దరఖాస్తు మీద సిఫార్సు చేసి పంపారు. పదిహేను రోజుల్లో జవాబు. పర్యటనా ప్రణాళిక కోసం ఒక కమిటీ వేయమన్నారు.

కమిటీ మొదటి సమావేశానికి డైరెక్టరేట్ నుంచి జాయింట్ డైరెక్టర్ గారే వచ్చారు. పొడుగ్గా, ప్రశాంతంగా ఉండే మనిషి. ఏ మాటైనా ఫైలులోంచి చదువుతున్నట్టే అంటారు. భ్రమరాంబ గారు ముందుగా ఒక తేలిక మార్గం చెప్పారు.

"అంత దూరం ఎందుకనుకుంటే, అండమాన్ దగ్గర మనకే ఒకటుందండీ. ఓడ మీద వెళ్లి చూసి రావచ్చు."

"ఓడ మీదనుంచి చేయి చాచిన అందునా?"

"అందదండీ."

"అట్లయిన అది చూచుట కాదు. పరోక్షము. తదుపరి అంశము."

తదుపరి అంశం, ఎవరెవరు వెళ్లాలన్నది. కెమిస్ట్రీ మాస్టారు గంధకం చూడాలన్నారు. కామర్స్ మేడమ్ అగ్నిప్రమాద బీమా తన సిలబస్‌లో ఉందన్నారు. ఆటల పీడీ మాస్టారు, అందరూ పరుగెత్తవలసి వస్తే విజిల్ ఊదేందుకు తానుండాలన్నారు. జాయింట్ డైరెక్టర్ గారు వీళ్లందరూ చూచుచున్నారని ధ్రువీకరించేందుకు తాను వెళ్లక తప్పదన్నారు. మొత్తం పదకొండు మంది తేలారు. మినిట్స్ నేనే రాశాను. సంతకాలప్పుడు చూస్తే పదకొండు పేర్లలో భ్రమరాంబ గారి పేరు లేదు.

"అమ్మగారి పేరు మర్చిపోయామండీ," అన్నాను.

"మరువలేదు. సదరు అధ్యాపకురాలు మార్చి మాసాంతమున పదవీ విరమణ పొందుచున్నారు. వారు చూచినది విద్యార్థులకు ఎన్ని దినములు ఉపయోగపడును?" అన్నారు జాయింట్ డైరెక్టర్ గారు.

భ్రమరాంబ గారు నోటుబుక్కు తెరిచి చెప్పుల జాబితా ఉన్న పేజీ ఆయన ముందు పెట్టారు. "వెళ్లేవాళ్లకి పనికొస్తుందండీ. అడుగు మందంగా ఉండాలి, లేకపోతే కరిగిపోతుంది." నాకు ఒళ్లు మండింది. మినిట్స్‌లో చివర పన్నెండో పేరు నేనే చేర్చాను. జాయింట్ డైరెక్టర్ గారు చివరి పేజీ చదవరు, సంతకం మాత్రం అక్కడే పెడతారు.

ఇక ఆ జాతీయ వనం వారికి ఉత్తరం రాయాలి. ముసాయిదా డైరెక్టరేట్‌లోనే తయారయింది. మా బృందం ఫిబ్రవరి పన్నెండున ఉదయం పదిన్నరకు విచ్చేయును గనుక ఆ సమయమున అగ్నిపర్వతమును పనిచేయు స్థితిలో ఉంచవలసినదనీ, సభ్యులు లావాకు చేయి అందు దూరమున నిలబడుటకు తగు ఏర్పాట్లు చేయవలసినదనీ కోరాం.

జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది. ఆ వేగం చూసి మా ప్రిన్సిపాల్ గారు అది నిజమైన ప్రభుత్వ కార్యాలయం కాదేమోనని అనుమానపడ్డారు. అగ్నిపర్వతానికి పనివేళలు లేవనీ, లావా వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుందనీ, సందర్శకులను చాలా దూరంలోనే ఆపేస్తామనీ మర్యాదగా రాశారు. మా క్షేమం కోరుతూ ముగించారు.

డైరెక్టరేట్ ఊరుకోలేదు. రెండో ఉత్తరం వెళ్లింది. "మీ నిబంధనలు, మా నిబంధనలు రెండును పాటింపబడునట్లు, మా సందర్శనకు ముందుగా లావాను తగినంత చల్లార్చి ఉంచుటకు వీలగునా, తెలుపగలరు."

దానికి వచ్చిన జవాబు ఒకే వాక్యం. చల్లారిన లావాను రాయి అంటారు.

ఈ వాక్యం మీద డైరెక్టరేట్‌లో పదిహేడు రోజులు ఆలోచించారు. ఫిబ్రవరి చివరి వారంలో తుది ఉత్తర్వు వచ్చింది. "చల్లారిన లావా రాయియేనని సదరు వనము వారే లిఖితపూర్వకముగా అంగీకరించియున్నారు. రాళ్లు మన రాష్ట్రముననే సమృద్ధిగా లభించుచున్నందున, రాళ్లను చూచుటకై విదేశీ పర్యటన అనవసరమని భావించి ప్రతిపాదన తిరస్కరింపబడినది."

ఆ కాగితం భ్రమరాంబ గారి చేతికిచ్చేటప్పుడు నేను ఆవిడ మొహం చూడలేదు. ఆవిడ రెండుసార్లు చదివారు. తర్వాత నెమ్మదిగా అన్నారు.

"తప్పేం రాయలేదండీ వీళ్లు. రాయే అది. ఊరికే, ఎర్రగా ఉన్నప్పుడు చూద్దామనుకున్నాను."

నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగారు. మా ఆఫీసు తలుపు గోదావరి గాలికి దభాలున పడుతుంటుంది. పడకుండా ఒక నల్లరాయి అడ్డం ఉంటుంది. పెద్ద గుమ్మడికాయంత రాయి. నేను వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉంది. ఆవిడ వంగి దాన్ని తడిమారు.

"ఇది నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కంకర క్వారీ నుంచి తెచ్చానండీ. బస్సులో ఒళ్లో పెట్టుకుని. పాఠానికని తెస్తే, అప్పటి ప్రిన్సిపాల్ గారు తలుపుకి బాగుంటుందన్నారు."

మార్చి ముప్పైన ఆవిడ చివరి క్లాసు. ఐదో పాఠం అలాగే ఉండిపోయింది. ఆరోజు మా అటెండరు సత్తెమ్మ వచ్చి, అమ్మగారు తలుపు రాయి కావాలంటున్నారని చెప్పి, దాన్ని చంకనెత్తుకుని తీసుకెళ్లింది. తలుపు దభాలున పడింది. నాకు కుతూహలం పుట్టి వెనకాలే వెళ్లి వరండాలో నిలబడ్డాను.

ఆవిడ అగ్నిపర్వతం అనే మాటే ఎత్తలేదు. రాయిని మొదటి బెంచీ మీద పెట్టి, "దీన్ని చేతులతో పట్టుకోండి" అన్నారు. నలభై రెండు మంది ఒకరి తర్వాత ఒకరు పట్టుకున్నారు. "చల్లగా ఉందా? ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట ఇది చల్లగా లేదు. మనం కూర్చున్న ఈ చోటు పక్కనే పారింది. గోదావరి కంటే వెడల్పుగా, ఎర్రగా. ఇదిగో ఈ చిన్న చిన్న చిల్లులు చూడండి. లోపలి గాలి బుడగలు బయటికి వెళ్లిపోదామనుకున్నాయి. ఈలోగా చల్లారిపోయింది." క్లాసంతా ఆ చిల్లుల్లోకే చూస్తోంది. నేనూ చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఆ రాయి ఎర్రగా కనిపించింది.

క్లాసు అయ్యాక సత్తెమ్మ రాయిని మళ్లీ తలుపు దగ్గర పెట్టింది. ఉత్తర్వు ప్రకారం పాఠం కాగానే విద్యార్థులు ఒక ఫారం నింపాలి. సాయంత్రంలోగా పైకి పంపాలి. పంపాను. చదవకుండా పంపాను, అదే నా తప్పు.

మర్నాడు పదకొండింటికి జాయింట్ డైరెక్టర్ గారి ఫోను. ప్రిన్సిపాల్ గారు నిలబడి మాట్లాడారు.

"మీ కళాశాలలో నలభై రెండు మంది విద్యార్థులు అగ్నిపర్వతమును చూచితిమి అని రాసియున్నారు. చేయి అందు దూరముననా అను ప్రశ్నకు, చేతితో పట్టుకొంటిమి అని రాసియున్నారు. ప్రస్తుతము ఆ వస్తువు ఎక్కడనున్నది అను ప్రశ్నకు నలభై రెండు మందియు ఒకే సమాధానము వ్రాసిరి."

"ఏం రాశారండీ?"

"ఆఫీసు తలుపు దగ్గర."

ప్రిన్సిపాల్ గారు తలుపు వైపు చూసి, ఫోను పట్టుకునే రెండడుగులు వెనక్కి వేశారు.

సాయంత్రం నాలుగున్నరకి జాయింట్ డైరెక్టర్ గారు దిగారు. ఆయన వెంట హెల్మెట్లు పెట్టుకున్న నలుగురు, ఒక బకెట్ ఇసుక. అప్పటికి హాలులో భ్రమరాంబ గారి వీడ్కోలు సభ నడుస్తోంది. శాలువా, పూలదండతోనే ఆవిడ ఆఫీసుకి వచ్చారు.

"అయ్యా, ఇది అగ్నిపర్వతం కాదండీ. లావా రాయి. ముక్క. చల్లారి కోట్ల ఏళ్లయింది. పిల్లలు సరదాగా అలా రాశారు," అన్నారు.

జాయింట్ డైరెక్టర్ గారు నన్ను రిజిస్టరు తెమ్మన్నారు. వేలు పెట్టి వెతికారు. "గనిశెట్టి భ్రమరాంబ. అగ్నిపర్వతము. చూడలేదు. అమ్మా, మీరు చూడని వస్తువు గురించి, ఇది అదియా కాదా అని చెప్పుటకు మీకు అధికారము లేదు."

"మరి మీరు చెప్పండి," అన్నారావిడ.

"నేనును చూడలేదు. చూడని నేను ఇది కాదని ఎట్లు చెప్పగలను? ఇది అగ్నిపర్వతమని చెప్పుటకు నలభై రెండు ప్రత్యక్ష సాక్ష్యములున్నవి. కాదని చెప్పుటకు ఒక్కటియు లేదు."

ఎంత వెతికినా అందులో తప్పు దొరకలేదు. ఐదు కొట్టింది. భ్రమరాంబ గారి సర్వీసు అయిపోయింది. దండ తీసి నా బల్ల మీద పెట్టి, నమస్కారం చేసి వెళ్లిపోయారు.

ఉత్తర్వు మర్నాడే వచ్చింది. సదరు అగ్నిపర్వతం నిద్రాణ స్థితిలో ఉన్నట్టు నిర్ధారించారు. మా ఆఫీసుని సైకిల్ స్టాండులోకి మార్చారు. గుమ్మం చుట్టూ ఇనుప జాలీ బిగించి, "రక్షిత అగ్నిపర్వత వనము, ప్రవేశము నిషిద్ధము" అని బోర్డు పెట్టారు. సత్తెమ్మను పరిశీలకురాలిగా నియమించి, రోజుకు మూడుసార్లు పొగ ఉన్నదీ లేనిదీ రాయమన్నారు. సత్తెమ్మ భయస్థురాలు. ఎందుకైనా మంచిదని ఒక శుక్రవారం రాయి ముందు అగరొత్తులు వెలిగించి, నిజాయితీగా "పొగ: ఉంది" అని రాసింది. కాలేజీకి మూడు రోజులు సెలవు ఇచ్చారు.

తర్వాత అసలు సందడి మొదలైంది. రాష్ట్రంలోని జియాలజీ వాళ్లందరికీ ఐదో పాఠం ఉంది, ఎవరూ అగ్నిపర్వతం చూడలేదు. అందరూ మా తలుపు చూడటానికి దరఖాస్తులు పెట్టారు. సందర్శన ప్రణాళిక నాలుగు ప్రతుల్లో ఇవ్వాలి. ఏ ద్వారంలోంచి వస్తారు, ఎలాంటి చెప్పులు వేసుకుంటారు, నీళ్లు ఎన్ని సీసాలు. ఆ ఫారం డైరెక్టరేట్ వాళ్లు ఎక్కడినుంచి తీసుకున్నారో నాకు చూడగానే తెలిసింది. కమిటీ ఫైలులో ఆ నోటుబుక్కు పేజీల జిరాక్సులు ఉన్నాయి.

మే నెల చివర్లో భ్రమరాంబ గారు సర్వీసు పుస్తకం కోసం వచ్చారు. వచ్చినవారు ముందు గుమ్మం దగ్గరికి వెళ్లారు. సత్తెమ్మ అడ్డం నిలబడింది.

"ఏం సత్తెమ్మా, నన్నే ఆపుతావా?"

"ఏం చేత్తానండీ అమ్మగారూ. కాయితం ఉండాలంటండి. రిటేరైనోళ్లకి అసలు లేదంటండి." సత్తెమ్మకి కళ్లనీళ్లొచ్చేశాయి. "మీరు ఒళ్లో ఎట్టుకుని తెచ్చిన రాయండీ బాబూ ఇది."

భ్రమరాంబ గారు బోర్డు మొత్తం చదివారు. జాలీలోంచి రాయిని చూశారు. చేయి చాచబోయి, జాలీ తగిలి వెనక్కి తీసుకున్నారు. తర్వాత నవ్వారు. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేక, జాలీ పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగారు.

"వీరభద్రం గారూ, రిటైరైనవాళ్లు ఎక్కడికైనా వెళ్లాలంటే ఎవరి పర్మిషన్ కావాలండీ?"

రూల్సు అన్నీ మనసులో తిరగేశాను. "ఎవరిదీ అక్కర్లేదండీ," అన్నాను. ఆ జవాబు ఆవిడకి కొత్తగా తోచినట్టుంది.

ఆగస్టులో నా పేరు మీద ఒక కవరు వచ్చింది. దాని మీద విదేశీ స్టాంపు. లోపల ఒక ఫొటో. మందపాటి అడుగున్న చెప్పులు వేసుకుని భ్రమరాంబ గారు, పక్కన ఆవిడ చెల్లెలు. వాళ్ల వెనక చాలా దూరంగా, చీకటి పడుతున్న కొండవాలు మీద సన్నగా ఒక ఎర్రటి గీత. భ్రమరాంబ గారు కెమెరా వైపు చూడటం లేదు. అటు తిరిగి, కుడిచేయి పూర్తిగా చాచి నిలబడ్డారు. ఫొటో వెనక రెండు ముక్కలు రాశారు.

"చేయి చాచాను, అందలేదు. కనిపించింది."

వచ్చిన కాగితాలు ఎక్కించే ఇన్వర్డు రిజిస్టరులో చేర్చాలి గానీ చేర్చలేదు. చేరిస్తే పైకి వెళుతుంది, అందు దూరము కాదని తిరిగి వస్తుంది. సైకిల్ స్టాండులో ఎవరూ లేకుండా చూసి, చూసిన వస్తువుల రిజిస్టరు తీశాను. ఆవిడ పేరు ఎదురుగా ఉన్న "చూడలేదు" కొట్టేసి, "చూశారు" అని రాసి, తేదీ వేశాను, సంతకం మాత్రం పెట్టలేదు. నా సర్వీసులో నిబంధనకు విరుద్ధంగా చేసిన రెండో పని అది. మొదటిది కూడా ఆవిడ పేరు రాయడమే.

రేపు తనిఖీలో ఆ కొట్టివేత ఎవరు చేశారని అడుగుతారు. నేను చూడలేదంటాను. చూడనిది చెప్పరాదని ఉత్తర్వు ఉంది కదా.